లాప్‌టాప్‌లతో వనభోజనం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "టెక్నాలజీ గురించి ఒక పావుగంట మాట్లాడు" అన్నారు. నేను 1986 బ్యాచ్. హైదరాబాదులో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఫ్యాక్టరీల్లో యంత్రాల్ని నడిపించే సాఫ్ట్‌వేర్ రాసే పని. దాని గురించి చెబితే మీరు నిద్రపోతారు, మా లెక్కల మాస్టారు మాత్రం మొహమాటానికి మేలుకొని ఉంటారు. అందుకని మూడేళ్ళ క్రితం మా బ్యాచ్ వాళ్ళం ఆరుగురం అరకులో గడిపిన ఒక వారం గురించి చెబుతాను. అందులోనూ టెక్నాలజీ ఉంది, కంగారు పడకండి.

మన బడిలో కార్తీకమాసం వస్తే వనభోజనాలు ఉండేవి. గుర్తుందా? చెరువు అవతల మామిడితోట, అందులో ఒక్క ఉసిరిచెట్టు. దాని నీడ నలుగురికి కూడా సరిపోయేది కాదు. మేము మాత్రం అంతా దాని కిందే తిన్నట్టు ఇంట్లో చెప్పేవాళ్ళం. పదో తరగతి అయ్యాక మళ్ళీ అలా కలిసి తినలేదు. వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఏటా "ఈసారి కలవాలిరా" అనుకోవడం, ఒకడికి సెలవు దొరికితే మరొకడికి దొరక్కపోవడం. 2022లో ఒకరోజు మా క్లాసు లీడరు గ్రూపులో రాశాడు: "సెలవు ఎందుకురా? ఎలాగూ ఇంట్లో కూర్చునే పని చేస్తున్నారు కదా. ఆ పనేదో కొండ మీద కూర్చుని చెయ్యండి." అతని పేరు చెప్పను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. లీడరు అనే అంటాను, మేమిప్పటికీ అలాగే పిలుస్తాం.

ఆఫీసు పని ఇంటి నుంచి చెయ్యడం కరోనాతో పుట్టిందనుకుంటాం. 1973లోనే జాక్ నిల్స్ అనే అమెరికన్ ఇంజనీరు దానికి 'టెలికమ్యూటింగ్' అని పేరు పెట్టాడు. మనిషి పని దగ్గరికి వెళ్ళే బదులు పనే తీగల మీద మనిషి దగ్గరికి వస్తుందని ఆయన వాదన. ఆ లెక్కన ఈ ఆలోచన మన బడికంటే రెండేళ్ళు పెద్దది. మన దేశంలో మాత్రం కాల్ సెంటర్ల వంటి సంస్థలకు టెలికం శాఖ నిబంధనలు అడ్డుగా ఉండేవి. 2020 నవంబరులో వాటిని సడలించారు. ఎక్కడి నుంచైనా పనిచేయొచ్చు అన్న మాట కాగితం మీదికి వచ్చింది అప్పుడే. అయినా మీ కంపెనీని అడక్కుండా లాప్‌టాప్ పట్టుకుని ఊరు దాటొద్దు. నేను అడిగే వెళ్ళాను. మా మేనేజరు నా కొడుకు వయసువాడు. "సార్, అరకులో నెట్ ఉంటుందా?" అని మాత్రం అడిగాడు. ఉంటుందని ధైర్యంగా చెప్పేశాను.

ఆరుగురిలో నలుగురం లాప్‌టాప్ వాళ్ళం. నేను, లీడరు, పుణెలో ఉండే ఒకడు, విశాఖలో అకౌంట్స్ చూసే మా క్లాసు అమ్మాయి. అమ్మాయి అంటే ఇప్పుడు అమ్మమ్మ. భర్తని కూడా తీసుకొస్తానంది, ఆఖరికి ఆయనకి వీలుకాక ఆవిడే వచ్చింది. మిగతా ఇద్దరిలో ఒకడు ఊళ్ళోనే వ్యవసాయం, ఇంకొకడు కరెంటు డిపార్టుమెంటులో లైన్ ఇన్‌స్పెక్టరు. అందరిలోకీ నిజంగా సెలవు పెట్టి వచ్చింది మా లైన్‌మన్ ఒక్కడే. ప్రమోషన్ వచ్చినా మాకు లైన్‌మనే.

నవంబరు 6, ఆదివారం. ఎస్.కోటలో కిరండూల్ పాసింజరు ఎక్కాం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకీ, అక్కణ్ణించి జపానుకీ పంపడానికి 1960లలో వేసిన లైను అది. మట్టి మోసుకురావడానికి వేసిన దారిలో మనుషులు కొండలు చూడ్డానికి వెళ్తున్నారు. టన్నెల్ వచ్చిన ప్రతిసారీ పెట్టెలో పిల్లలు కేకలు, వాళ్ళతో పాటు మా వ్యవసాయం వాడు. సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషను దగ్గర చలి మొదలైంది. పొలాల్లో వలిసెపూలు పచ్చగా విరగబూసి ఉన్నాయి. అరకు నుంచి ఏడు కిలోమీటర్లు లోపల, ఒక గిరిజన కుటుంబం అద్దెకిచ్చే ఇల్లు మాది. వెనక సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. కాఫీ పండ్లు అప్పుడే ఎరుపెక్కుతున్నాయి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఆ ఇంటాయన గర్వంగా చెప్పాడు. తాను మాత్రం టీ తాగుతాడట.

దిగిన వెంటనే లైన్‌మన్ చేసిన మొదటి పని ఏమిటో చెప్పనా? బ్యాగు కింద పెట్టకుండానే టెస్ట్ ల్యాంపు తీసి ప్లగ్గు పాయింట్లన్నీ చూశాడు. రెండింటికి ఎర్తు లేదు. లాప్‌టాప్ రేకు మీద చెయ్యి పెడితే జివ్వుమంటుంది చూడండి, కారణం అదే. "ఈ రెండూ ముట్టుకోకండి" అని వాటి మీద ప్లాస్టరు అంటించాడు. నేను నా వంతుగా లెక్క వేశాను. ఇంట్లో ఇన్వర్టరుది 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. పన్నెండు వోల్టులతో గుణిస్తే 1800 వాట్ అవర్లు. అందులో వాడుకోగలిగేది ఏ వెయ్యో, పన్నెండొందలో. నాలుగు లాప్‌టాపులు, ఒక రౌటరు, రెండు లైట్లు కలిపి 250 వాట్లు. కరెంటు పోతే నాలుగు గంటలు నిలబడతాం. మాస్టారూ, సరిపోయిందా అండీ?

నెట్ విషయంలో ఒక్క మాట. అందరూ డౌన్‌లోడ్ వేగం చూసి మోసపోతారు. మీటింగులో అవతలివాళ్ళ మాట మనకి బాగానే వినపడుతుంది. మన గొంతు వాళ్ళకి చేరకపోతే తప్పు అప్‌లోడ్‌ది. రెండు కంపెనీల సిమ్‌లు పట్టుకెళ్ళండి, ఫోను కిటికీలో పెట్టండి, గోడ మధ్యలో ఉంటే సిగ్నల్ సగం అక్కడే ఆగిపోతుంది. వీడియో ఆపేస్తే మాటకి పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఇంతే. దీనికి ఇంజనీరు కూడా అక్కర్లేదు.

నేను మర్చిపోయింది గడియారం. ఆ ఆదివారమే అమెరికా వాళ్ళు ఏటా చేసినట్టు గంట వెనక్కి తిప్పుకున్నారు. అంతకుముందు సాయంత్రం ఆరున్నరకి ఉండే నా మీటింగు ఏడున్నరకి జరిగింది. ఎనిమిదింటికి అందరం కలిసి భోజనం అని పెట్టుకున్న నియమం మొదటి రోజే పోయింది. ముగ్గురు చలిమంట దగ్గర, ముగ్గురు గదుల్లో. బయటి నుంచి నవ్వులు వినపడుతుంటే లోపల నేను మైకు మూసుకుంటూ తెరుస్తూ ఉన్నాను. ఇంట్లో ఉన్నట్టూ లేదు, బయటికొచ్చినట్టూ లేదు. ఫోనులో మా ఆవిడ "అంత దూరం వెళ్ళింది మీటింగులకా?" అంది. జవాబు లేదు.

రెండో రోజు మంగళవారం కార్తీక పౌర్ణమి, పైగా చంద్రగ్రహణం. కొండ మీదికి వచ్చేసరికే చంద్రుణ్ణి ఎవరో కొరికినట్టుంది. ఆరూ పందొమ్మిదికి విడుపు. అప్పటిదాకా మా అమ్మాయి ఎవర్నీ ముద్ద ముట్టనివ్వలేదు. ఆ తర్వాత నా మీటింగుకి ఇంకా గంట ఉంది. అమెరికా వాళ్ళ గడియారం పుణ్యమా అని ఆ ఒక్కరోజు ఆరుగురం వెన్నెల్లో కూర్చుని తిన్నాం. చుట్టూ చూస్తే ఎక్కడా ఉసిరిచెట్టు లేదు. లీడరు లేచి ఎక్కడి నుంచో ఒక కొమ్మ పట్టుకొచ్చి మధ్యలో గుచ్చాడు. దగ్గరికెళ్ళి చూస్తే అది కాఫీ కొమ్మ.

లీడరు గురించి చెప్పాలి. పదో తరగతిలో నా పరీక్ష ఫీజు కట్టే గడువు దగ్గరపడి, మా నాన్న ఊళ్ళో లేనప్పుడు, క్లాసులో బెంచీ బెంచీకి తిరిగి చందా పోగుచేసి కట్టినవాడు. నేను అడగలేదు. వాడే చేశాడు. అరకులో కూడా ఏర్పాట్లన్నీ వాడివే. కానీ పొద్దున్న తొమ్మిదయ్యేసరికి లాప్‌టాప్ తీసుకుని సిల్వర్ ఓక్‌ల దగ్గరికి వెళ్ళిపోయేవాడు. చెవులకి హెడ్‌ఫోను. మాట్లాడుతూ అటూ ఇటూ తిరిగేవాడు. "బెంగుళూరు వాళ్ళు వదలట్లేదురా" అనేవాడు. మేమంతా అదే బాపతు కనుక అనుమానం రాలేదు.

బుధవారం పదకొండింటికి గాలికి చెట్టు విరిగి లైను మీద పడింది. కరెంటు పోయింది. నా లెక్క ప్రకారమే మూడింటికి ఇన్వర్టరు పడుకుంది. ఇంకో గంటకి టవరు కూడా పోయింది. రెండు సిమ్‌లకీ గీత లేదు. నాకు ఏడున్నరకి కస్టమరుతో మీటింగు. పుణె వాడు ఫోను పట్టుకుని గట్టెక్కాడు. మా అమ్మాయి జీఎస్టీ ఫైలు పంపాలని ఇల్లంతా తిరుగుతోంది. నేను ఇంటాయన బండి తీయించి, లాప్‌టాప్ వీపున కట్టుకుని అరకు ఊళ్ళోకి బయల్దేరాను. బండి నడిపింది లైన్‌మన్.

సగం దారిలో బండి ఆపాడు. "ఒరే, లీడర్ని సూసావా?" అన్నాడు. చూశాను, చెట్ల దగ్గరే ఉన్నాడు, మీటింగులో ఉన్నాడు అన్నాను. "సిగ్నలు లేదని మీరందరూ గాబరాగా పరిగెడతన్నారు. ఆడికి మీటింగెలాగవుతాదిరా?"

నాకు నోట మాట రాలేదు. ముప్ఫై ఏళ్ళ నుంచి ఇంజనీరుని. టవరు పోయిందని ఆ ఇంట్లో మొదట చెప్పింది నేనే. లీడరు పక్కనుంచే నడిచి బండెక్కాను.

"ఏటీ అడక్కు. ఆడే సెప్తాడు" అని బండి స్టార్టు చేశాడు లైన్‌మన్. ఆ రాత్రి టీ కొట్లో కూర్చుని చేసిన మీటింగులో నేనేం మాట్లాడానో నాకు గుర్తులేదు. త్వరగా ముగించేశాను.

మేమేమీ అడగలేదు. గురువారం పొద్దున్నే లైన్‌మన్, వ్యవసాయం వాడు కలిసి లీడర్ని నడకకి తీసుకెళ్ళారు. లాప్‌టాప్ మూట లేనివాళ్ళు కదా, వాళ్ళకి తీరిక ఉంది. మధ్యాహ్నం తిరిగొచ్చాక మా అందరి ముందూ లీడరే చెప్పాడు. ఆగస్టు ఆఖర్లో ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పలేదు. అమ్మాయి ఇంజనీరింగ్ చివరి ఏడాది. రోజూ గదిలో తలుపేసుకుని మీటింగు నటించేవాడు. ఇల్లు ఇరుకనిపించి, నటించడానికి చోటు కావాలనే అరకు ఆలోచన చేశాడట. అది చెప్పి నవ్వబోయాడు. మా వ్యవసాయం వాడు ఏడ్చేశాడు.

ఓదార్పులు మాకు చేతకాలేదు. మా అమ్మాయి కళ్ళజోడు పెట్టుకుని "కాగితాలు చూపించు" అంది. పదకొండేళ్ళ సర్వీసు. గ్రాట్యుటీ వచ్చిందా అంటే రాలేదన్నాడు. అడగడానికి నామోషీ అనిపించి ఊరుకున్నాడట. అప్పట్లో అమల్లో ఉన్న 1972 నాటి చట్టం ప్రకారం అయిదేళ్ళ సర్వీసు దాటినవాడికి అది హక్కు, ముప్ఫై రోజుల్లో ఇవ్వాల్సి ఉండేది. చివరి నెల బేసిక్, డీఏలని ఇరవై ఆరుతో భాగించి, పదిహేనుతో గుణించి, సర్వీసు ఏళ్ళతో గుణించడమే అప్పటి పద్ధతి. లెక్క ఆవిడ వేసింది, ఉత్తరం నేను రాశాను, పుణె వాడు ఇంగ్లీషు దిద్దాడు. ఈ వారంలో మేము చేసిన అసలైన ఆఫీసు పని అదేనేమో. డబ్బు జనవరిలో వచ్చింది.

సాయంత్రం సిగ్నలు వచ్చింది. లీడరు గట్టు మీదికెక్కి భార్యకి ఫోను చేశాడు. మేము కింద నిలబడ్డాం, వినకూడదనుకుంటూనే. చాలాసేపటికి దిగొచ్చాడు. ఆవిడకి నెల రోజుల నుంచీ తెలుసట. ఫిక్స్‌డ్ డిపాజిట్ పగలగొట్టిన కాగితం బ్యాంకు నుంచి ఇంటికే వచ్చింది. "మీరు చెప్పేదాకా అడగకూడదనుకున్నాను" అందట. ఆ గదిలో ఆయన నటన, బయట ఈవిడ నటన.

లీడరు ఈ సభలోనే ఉన్నాడు. చెప్పమన్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. ఇప్పుడు ఒక కాలేజీలో ల్యాబ్ చూసుకుంటున్నాడు. జీతం మునుపటిలో సగం లేదు. పిల్లలకి పాఠం చెబుతుంటే మాత్రం హుషారుగా ఉంటాడు, వెళ్ళి చూశాను.

ఇలాంటి ప్రయాణం మంచిదేనా అని తమ్ముళ్ళు అడుగుతున్నారు. విశ్రాంతి కావాలంటే సెలవే పెట్టండి, ఇది విశ్రాంతి కాదు. ఆ వారం నా ఆఫీసు పని కూడా సగమే సాగింది. కానీ సెలవుల కోసం చూస్తూ కూర్చుని ఉంటే మేము ఇప్పటికీ కలిసేవాళ్ళం కాదు, లీడరు ఇప్పటికీ ఆ గదిలోనే ఉండేవాడేమో. వెళ్తే మాత్రం అందరూ లాప్‌టాప్ వాళ్ళే వెళ్ళకండి.

అప్పటి నుంచి ప్రతి కార్తీకమాసం వెళ్తున్నాం. రాత్రి ఎనిమిదికి ఎవరి మీటింగు ఉన్నా సరే లైన్‌మన్ రౌటరు పీకేస్తాడు, అది మా ఒప్పందం. ఈ ఏడు కూడా అదే ఇల్లు మాట్లాడాం. ఇంకో గది దొరికింది, నలుగురికి చోటుంది. ఏ బ్యాచ్ వాళ్ళయినా రావచ్చు, మాస్టారూ మీరూ రావాలి. పేర్లు లైన్‌మన్‌కి ఇవ్వండి, వెనక వరుసలో నీలం చొక్కా. వచ్చేవాళ్ళు మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి తెచ్చుకోండి. ఆ రెండు ప్లగ్గులకి ఇంకా ఎర్తు వెయ్యలేదు.