పక్కన కూర్చోవడమూ సేవే
(ఆలయంలో సభ్య కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పరీక్షిత్తు కథ మనందరికీ తెలుసు. ఏడు రోజుల్లో ప్రాణం పోతుందని శాపం. ఆ మాట ఆయన దగ్గర ఎవరూ దాచలేదు. శుకమహర్షి వచ్చి, అడిగినవాటికి ఓపికగా బదులు చెప్పాడు. అదే మన భాగవతం.

జబ్బు నయం కాదని డాక్టరు చెప్పాక మన ఇళ్లలో ఏం జరుగుతోంది? పెద్దాయనకు సంగతి చెప్పం. గుమ్మం అవతల గుసగుసలాడుకుంటాం. ఆయనకు తెలుస్తూనే ఉంటుంది. మనం బాధపడతామని ఆయనా అడగరు. ఒకే ఇంట్లో ఉండి ఒంటరివారైపోతారు.

ఆ ఒంటరితనం కూడా నొప్పేనని సిసిలీ సాండర్స్ చెప్పారు. ఆమె మొదట నర్సు, తర్వాత డాక్టరు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ ప్రారంభించారు. చివరి దశలో ఒంటి నొప్పి, మనసులో దిగులు, ఇంటివాళ్ల గురించి బెంగ, ఆత్మలోని వేదన నాలుగూ కలిసి బాధిస్తాయని, నాలుగింటినీ చూసుకోవాలని ఆమె బోధ. హైదరాబాదులో స్పర్శ్ హాస్పీస్, మన యాంగోన్‌లో ఊ హ్లా తున్ హాస్పీస్ చేస్తున్నది ఇలాంటి సేవే.

ఒంటి నొప్పికి మందుంది. డాక్టరు చెప్పిన మోతాదులో ఇచ్చే మార్ఫిన్‌ను ప్రాణం తీసే మందని భయపడి ఆపకండి. నొప్పి తగ్గితేనే దేవుడి మీద మనసు నిలుస్తుంది. మిగిలిన మూడింటికీ మనిషి కావాలి.

ఇక్కడ మనకు ఇంకో చిక్కుంది. జబ్బు ముదిరేకొద్దీ కొందరు పెద్దలు బర్మీస్ మరిచి, చిన్ననాటి తెలుగే మాట్లాడతారు. నర్సుకు తెలుగు రాదు, చాలా ఇళ్లలో మనవళ్లకూ రాదు. "దాహం" అన్నది అర్థం కాకపోతే ఆ మనిషి గతేమిటి? అందుకే నొప్పి, దాహం, చలి, ఆయాసం, పక్కకు తిప్పు వంటి పది మాటలు బర్మీస్ అక్షరాల్లో, అర్థంతో సహా రాసి మంచం దగ్గర పెట్టండి. ఏ దేవుడి పటం ఎదురుగా ఉండాలో, ఏ భజన వినాలనుందో ఓపిక ఉన్నప్పుడే వారిని అడిగి కింద రాయండి.

తులసి తీర్థం పోయాలని మన ఆరాటం. మింగలేని మనిషి నోట్లో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లవచ్చు. శుభ్రమైన దూదిని తీర్థంలో తడిపి పెదవులకు అద్దండి. నర్సుకు ముందే చెబితే ఆవిడే సాయం చేస్తుంది. తినడం తగ్గిపోతే బలవంతంగా కుక్కకండి. ఆ దశలో ఆకలి తగ్గడం సహజం. పలకకపోయినా వినిపిస్తూ ఉండవచ్చు. చెయ్యి పట్టుకుని మెల్లగా నామం చెప్పండి. ఆస్తి మాటలు ఆ గదిలో వద్దు.

మన తాతలు ఈ రేవులో మూటలు మోశారు. 1942లో యుద్ధ భయంతో కాలినడకన స్వదేశానికి బయల్దేరినవారిలో ఎందరో దారిలోనే పోయారు. చాలామందికి గుక్కెడు నీళ్లిచ్చే దిక్కు కూడా లేకపోయింది. ఈ రోజు మన పేటలో ఏ పెద్దకూ అలా జరగనక్కరలేదు. తెలుగు మాట్లాడగలిగి, వారానికి ఒక గంట ఇవ్వగలిగినవాళ్లు ప్రసాదం తీసుకుని వెళ్లేముందు పూజారిగారి దగ్గర పేరు చెప్పి వెళ్లండి.