కెమెరా కేబులు తెగినపుడు పంచాయతీ చేయవలసినది

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రామములందు నిఘా కెమెరాలు ఇప్పుడు వింత వస్తువులు కావు. రచ్చబండ వద్దను, బస్సు ఆగు చోటను, బడి గేటు వద్దను అవి కనుపించుచున్నవి. 2013వ సంవత్సరమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా భద్రతా చర్యల అమలు చట్టము వచ్చినది. జనసమ్మర్దము గల సంస్థలలో కెమెరాల ఏర్పాటును అది నిర్దేశించినది. తెలంగాణమున పోలీసు శాఖవారు ‘నేను సైతం’ అను పేర ప్రజల విరాళములతో కెమెరాలు పెట్టించిరి. కొన్ని చోట్ల పంచాయతీ నిధియు, కొన్ని చోట్ల దాతల చేయూతయు తోడ్పడినవి.

పెట్టించుట ఒక నాటి పని. కాపాడుకొనుట నిత్యము చేయవలసిన పని. ఒక కోతి కొరికినను, గడ్డి ట్రాక్టరు తగిలి తీగ తెగినను కెమెరా గ్రుడ్డిదగును. స్తంభముపై అది యథాప్రకారము నిలిచియే యుండును. ఊరివారు అది చూచుచున్నదనియే నమ్ముదురు. పశువు దొంగిలింపబడిన నాడో, బడిపిల్లవానిని బండి ఢీకొని పారిపోయిన నాడో పోయి చూచినచో తెర నల్లగా నుండును. గడచిన దినమును ఏ మరమ్మతును తిరిగి తేజాలదు. కనుక కేబులు విషయమును చిన్నదిగా తలపరాదని మేము ముందుగా మనవి చేయుచున్నాము.

మొదట దోషము ఎచ్చట నున్నదో తెలిసికొనవలెను. కెమెరాలన్నియు ఒక్కసారి ఆగినచో దోషము సాధారణముగా కేబులులో నుండదు. కరెంటు సరఫరాను, అడాప్టరును, బొమ్మలను భద్రపరచు డి.వి.ఆర్. పెట్టెను చూడవలెను. ఒక్క కెమెరాయే ఆగి, తెరపై ‘వీడియో లాస్’ అని కనుపించినచో, దాని కేబులును పెట్టెలో పనిచేయుచున్న మరొక స్థానమునకు తగిలించి చూడుడు. బొమ్మ వచ్చినచో కెమెరాయు కేబులును క్షేమము. పెట్టెలోని ఆ స్థానమే చెడినది. రానిచో కెమెరాను విప్పి తెచ్చి, పెట్టె ప్రక్కనే పొట్టి తీగతో కలిపి చూడుడు. అచ్చట బొమ్మ కనుపించినచో దోషము కేబులుదే. ఈ పరీక్ష చేయకయే మంచి కెమెరాను పారవేసి క్రొత్తది కొనుట ప్రజాధనమును వృథాచేయుటయే.

మన గ్రామములలో ఎక్కువగా వాడుచున్నది ‘త్రీ ప్లస్ వన్’ కేబులు. అందు బొమ్మను తెచ్చు కోయాక్సియల్ తీగ యొకటియు, సన్నని తీగలు మూడును ఉండును. ఈ సన్నని తీగల ద్వారా 12 వోల్టుల కరెంటు కెమెరాకు చేరును. రెండు కొసలను విప్పి మల్టీమీటరుతో పరీక్షింపవచ్చును. కోయాక్సియల్ తీగ నడిమి కమ్మికిని, చుట్టునున్న జల్లెడ తీగకును మీటరు పెట్టినపుడు మ్రోగరాదు. మ్రోగినచో ఎచ్చటనో రెండును తాకుచున్నవి. పిమ్మట ఆవలి కొసన ఆ రెంటిని కలిపి, ఈవలి కొసన పరీక్షింపవలెను. ఇప్పుడు మ్రోగవలెను, మ్రోగనిచో తీగ తెగినది.

పగలు చక్కగా పనిచేసి రాత్రి ఆరిపోవు కెమెరాను గూర్చి ఒక మాట. చీకటి పడగానే కెమెరాలోని పరారుణ దీపములు వెలుగును. కరెంటు ఎక్కువ కావలసివచ్చును. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ 90 మీటర్లు సాగినచో, పోవు దారియు వచ్చు దారియు కలిసి 180 మీటర్లగును. అర ఆంపియరు కరెంటుకు మూడు వోల్టులకు పైగా దారిలోనే తగ్గిపోవును. 12 బయలుదేరి 9కి లోపుగా చేరును. ఇక రాగి పూత పూసిన అల్యూమినియము తీగ యైనచో నష్టము మరింత హెచ్చు. కొనునపుడు చాకుతో గీచి చూడుడు. ఎఱ్ఱని పైపూత క్రింద తెల్లని లోహము కనుపించినచో అది అసలు రాగి కాదు.

తీగ వెంబడి నడచి చూచినచో దెబ్బతిన్న చోటు చాలవరకు కంటికే దొరకును. గోడలోనికి పోవు రంధ్రము, రోడ్డు దాటు చోటు, చెట్టు కొమ్మ రాచుకొను చోటు, ఎలుకలు తిరుగు అటక, కెమెరా వెనుక విడిచిన అతుకు, ఇవి మొదట చూడవలసినవి.

అతుకు వేయదగినది ఎప్పుడు? కేబులు ఒక్క చోటనే తెగి, మిగిలిన భాగము మెత్తగా, ఆరోగ్యముగా నున్నప్పుడు. ముందు కరెంటు ఆపవలెను. లోపల రాగి నల్లబడియుండినచో నీరు చేరినదని అర్థము. రాగి తళతళ మెరయు వరకు వెనుకకు కోయవలెను. కోయాక్సియల్ తీగను చేతితో మెలిపెట్టి టేపు చుట్టుట పనికిరాదు. ఇరు కొసలకును బి.ఎన్.సి. కనెక్టర్లు బిగించి, నడుమ జాయింటరు పెట్టవలెను. జల్లెడ తీగ పోగు ఒక్కటియు నడిమి కమ్మిని తాకరాదు. కరెంటు తీగలను రంగునకు రంగు కలిపి, టంకము వేసి, దేనికది విడిగా కప్పవలెను. అతుకును మూతగల డబ్బాలో నుంచి, తీగలను డబ్బా అడుగు నుండి లోనికి తేవలెను. డబ్బాకు ముందు తీగను క్రిందికి వంచి విడిచినచో వాన నీరు ఆ వంపున జారిపోవును.

మార్పదగినది ఎప్పుడు? రెండు మూడు చోట్ల కొరుకుడు పడినప్పుడు, ఎండకు పైతొడుగు బీటలు వారినప్పుడు, నీరు చాల దూరము ప్రాకినప్పుడు. అతుకు మీద అతుకు వేసి నెల నెలకు కూలి చెల్లించుటకంటె ఒక్కసారి మార్చుటయే పొదుపు. గొట్టములో పాత కేబులు ఇరుక్కొని యుండనిచో, దాని కొసకు క్రొత్తదానిని గట్టిగా కట్టి లాగినచో పని తేలిక యగును.

ఎనిమిది తీగల నెట్‌వర్కు కేబులుతో నడుచు ఐ.పి. కెమెరాలకు నియమము వేఱు. అది ఒక్క వరుసలో 100 మీటర్లు మించరాదు. నడుమ తెగినచో మొత్తము వరుసను మార్చుటయే మేలు. అంతకు మించిన దూరమునకు ఆప్టికల్ ఫైబరు తగును. అది గాజు పోగగుటచే పిడుగు కరెంటును మోయదు. అయితే ఫైబరు అతుకునకు ప్రత్యేక యంత్రమును, నేర్పరియు కావలెను. చాకుతో జరుగు పని కాదు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక. కెమెరా కేబులును విద్యుత్ స్తంభమునకు కట్టరాదు. తెగిన తీగ కరెంటు తీగపై పడియున్నచో ఎవ్వరును ముట్టరాదు. జనులను దూరముగా నుంచి లైన్‌మన్‌కు కబురు పంపవలెను. ఆయన ఎల్‌.సి. తీసికొని, సరఫరా ఆగినదని రూఢి చేసిన పిమ్మటనే పని సాగవలెను. నిచ్చెన తెచ్చి ఊరి కుఱ్ఱవానిని ఎక్కించుట సాహసము కాదు, అపరాధము. కెమెరా నాలుగు దినములు ఆగినను ఫరవాలేదు; ఒక తల్లికి కడుపుకోత కలుగరాదు.

ఇక పంచాయతీ బాధ్యతలు. ప్రతి కెమెరాకు ఒక సంఖ్య నిచ్చి, కేబులు పోవు దారిని పటముగా గీయించుడు. ఒక రిజిస్టరులో కేబులు పొడవు, వేసిన తేదీ, అతుకులున్న చోట్లు, కెమెరా ఆగిన దినము, తిరిగి పనిచేసిన దినము వ్రాయించుడు. వారమునకొకసారి, పగలొకమారు రాత్రి యొకమారు, అన్ని బొమ్మలును చూచు బాధ్యతను ఒకరికి ఒప్పగింపుడు. నాలుగైదు కనెక్టర్లు, ఒక అడాప్టరు, కొంత కేబులు నిలువ యుంచుడు. బిల్లు చెల్లించుటకు ముందు కేబులు కొలిపించి, కెమెరా రాత్రి పనిచేయుట చూడుడు. రోడ్డు దాటు చోట ఎత్తైన గడ్డి బండ్లును, కోత యంత్రములును, ఉత్సవ రథములును తగులకుండ భూమిలో గొట్టము వేయించుట ఉత్తమము. కోతులు గల ఊళ్లలో కేబులును గట్టి గొట్టములోనే నడిపింపుడు.

మరమ్మతు జరిగిన పిమ్మట కెమెరా చూపు ఎటున్నదో గమనింపుడు. స్తంభముపై పనిచేయునపుడు అది ప్రక్కకు తిరుగవచ్చును. వీధిని చూడవలసినది ఒకరి పెరటిని చూడరాదు. ఆంతరంగికత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పినది. పెట్టెలోని గడియారమును కూడ సరిచేయుడు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమములోని 63వ సెక్షను ప్రకారము ఇట్టి రికార్డును కోర్టుకు ఇచ్చునపుడు ధ్రువపత్రము జతపరుపవలెను. తేదీయు వేళయు తప్పినచో ఆ సాక్ష్యము సందేహములకు తావిచ్చును.

సభ్యులారా! మీరు ఇచ్చటినుండి వెళ్లిన పిమ్మట మీ ఊరి కెమెరాలలో ఎన్ని నిజముగా చూచుచున్నవో ఒక్కసారి లెక్కింపుడు. వచ్చే సమావేశపు అజెండాలో ఆ లెక్కను చేర్పుడు. ఆగిన దానికి మరమ్మతో మార్పో నిర్ణయించి, తేదీ పెట్టి తీర్మానము చేయుడు. ఊరు మనలనుండి కోరునది ఇంతియే.