పరిచయములు – వృత్తిలో అభ్యున్నతి



“పెద్దల పరిచయము లేనిదే ఉద్యోగము లేదు” అని మన యువకులు నిట్టూర్చుచుందురు. ఆ మాటలో సగమే సత్యము. గ్రామమున లెక్కలు వ్రాయు నాకు, ఈ విషయమున ఒక లెక్కల గుమాస్తా కథ చెప్పుట ఉచితముగా తోచుచున్నది. ఆతడు శ్రీనివాస రామానుజన్.

1910 ప్రాంతమున ఆతడు ఉద్యోగార్థియై, భారత గణితశాస్త్ర సంఘ స్థాపకుడగు డిప్యూటీ కలెక్టరు రామస్వామి అయ్యరును దర్శించెను. కోరినది చిన్న గుమాస్తాపని. చూపినది గణితసూత్రములతో నిండిన నోటుపుస్తకము. అట్టి ప్రతిభను రెవిన్యూ కచేరీలో అణచివేయుటకు మనసొప్పక, అయ్యరుగారు మదరాసులోని గణితజ్ఞులకు జాబులిచ్చి పంపిరి. ఆ త్రోవనే శేషు అయ్యరును మరల కలిసికొనగా, ఆయన ద్వారా నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు పరిచయమైరి. రావుగారు మొదట సందేహించినను, రామానుజన్ తన సూత్రములను విప్పి చెప్పగా నమ్మి, ఏమి కావలెనని యడిగిరి. పరిశోధన సాగించుటకు గ్రాసము చాలునని ఆతని ప్రత్యుత్తరము. రావుగారు కొంతకాలము నెలకు 25 రూపాయలు పంపిరి.

1912 మార్చిలో మదరాసు పోర్టు ట్రస్టు లెక్కల శాఖలో నెలకు 30 రూపాయల కొలువు దొరకెను. అచ్చటి అధికారి నారాయణయ్యరును, ఛైర్మను ఫ్రాన్సిస్ స్ప్రింగును ఆతనికి అండయైరి. ఇంగ్లండులో ఇరువురు పండితులకు వ్రాసిన జాబులు ఫలింపలేదు. 1913 జనవరిలో కేంబ్రిడ్జి గణితజ్ఞుడు హార్డీకి వ్రాసిన జాబు ఫలించెను. 1914లో అచ్చటికేగి, 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను.

ప్రతి పరిచయమును మరియొక పరిచయమునకు దారితీసెను. కాని ప్రతి చోటను ఆతనికై మాటాడినది ఆతని పనియే. సిఫారసు గుమ్మము దాక తెచ్చును. పీట వేయించునది పనితనము.

కిష్కింధాకాండమున హనుమంతుని వాక్కు విని శ్రీరాముడు ఆతని విద్యను మెచ్చెను. సుగ్రీవమైత్రి అటుపిమ్మటనే. ఉపకారము పొందిన సుగ్రీవుడు ఇచ్చిన మాట ఏమరగా, లక్ష్మణుడు కోపించి రావలసివచ్చెను. కావున పరిచయము అప్పువంటిది, తీర్చవలసిన పద్దు.

రామానుజన్‌కు దారిచూపిన గణితగ్రంథము కుంభకోణపు కళాశాల గ్రంథాలయమునుండి తెచ్చినదే. యువకులారా! పెద్దలయొద్దకు పోవుటకు సిగ్గుపడకుడు. వట్టిచేతులతో పెద్దలను చూడరాదని మన ఆచారము. పండుకు మారు మీ పనిని చేతబట్టుకొని పొండు. ఆ పని నేర్పుటకే ఈ గ్రంథాలయము 25 ఏండ్లుగా తలుపు తెరచియున్నది.