పరీక్షకు కార్డు అక్కరలేదు
(బాపట్ల జిల్లా నగరంలో ముస్లిం మహిళల ఆరోగ్యంపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)





నేను వైద్యుడను కాను. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడను. అర్జీలు, రిజిస్టర్లు, దస్త్రాలు, నాకు తెలిసిన విద్య అంతే. రొమ్ము క్యాన్సర్ గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు సంకోచించాను. ఈ వయసులో, ఇందరు స్త్రీల ఎదుట, ఒక పురుషుడు ఆ మాట ఎట్లా ఎత్తడమని. కాని అటువంటి సంకోచమే మా అక్కను బలిగొన్నది. కనుక మాట్లాడక తప్పదు.

మా అక్క చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకొని, కుట్టుమిషను మీద ముగ్గురు బిడ్డలను పెంచింది. రొమ్ములో గడ్డ చేతికి తగిలిన తరువాత పదకొండు నెలలు ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేదు కనుక అదే పోతుందనుకున్నది. కూతురికి పెళ్లిమాటలు నడుస్తున్నవి కనుక, సంగతి బయటపడితే సంబంధం చెడుతుందని భయపడింది. చివరకు కోడలు గమనించి నాకు కబురు చేసింది. అప్పటికే చంకలో కూడా గడ్డలు కట్టాయి.

చికిత్సకు ప్రభుత్వ పథకం ఉన్నది కదా అని ధైర్యంగా బయలుదేరాము. ఆధార్‌లో ఆమె పేరుకు ముందు ‘షేక్’ ఉన్నది, చివర ‘బీ’ ఉన్నది. రేషన్ కార్డులో ‘షేక్’ లేదు, ‘బీ’కి బదులు ‘బేగం’ ఉన్నది. పుట్టిన సంవత్సరం కూడా వేరు. ఇద్దరూ ఒకరేనని రుజువు చేయడానికి మూడు వారాలు తిరిగాము. ముప్పై రెండేళ్లు ఊరివారి పేర్లు సరిచూసిన నేను తోడబుట్టినదాని కార్డును ఏనాడూ తెరచి చూడలేదు. నాకు, నా భార్యకు ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఉన్నది. అందులో అక్కకు చోటులేదు. నాకు ఉన్నది గనుక లేనివారి సంగతి నా తలపునకే రాలేదు.

అక్క రెండేళ్లు బ్రతికింది. అల్లాహ్ ఆమెను మన్నించి కరుణించుగాక. ఆమెకు వైద్యం చేసిన డాక్టరమ్మ నాతో ఒక మాట అన్నారు: కాగితాల కోసం పోయిన మూడు వారాలకంటె, మౌనంలో పోయిన పదకొండు నెలలే ఎక్కువ నష్టం చేశాయని. ఆ పదకొండు నెలలలో ఏ రోజునైనా ఆమె ఏ కార్డూ లేకుండా ఉచితంగా పరీక్ష చేయించుకొని ఉండవచ్చును. ఆ సంగతి ఆమెకు తెలియదు. చదువుకున్న నాకూ తెలియదు.

ఈనాడు మీకు చెప్పదలచిన ముఖ్యమైన మాట అదే. చికిత్స పథకానికి కార్డు కావాలి. పరీక్షకు కార్డు అక్కరలేదు. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి స్త్రీకి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష ఉచితంగా చేయాలన్నది జాతీయ ఆరోగ్య కార్యక్రమంలోని నియమం. మన రాష్ట్రంలో 2024 నవంబరు నుండి ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి ఈ మూడు క్యాన్సర్ల లక్షణాలను విచారించే కార్యక్రమం కూడా మొదలైంది. వారు గుమ్మంలోకి వచ్చినప్పుడు ‘మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు’ అని తలుపు దగ్గరనే పంపివేస్తున్నది మనమే. చాలా ఇండ్లలో ఆ జవాబు చెబుతున్నది మగవారు.

ఫలితం చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30 నుండి 49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతం. నూటికి ఒక్కరు కూడా లేరు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా మేరకు 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా ఈ వ్యాధి సోకినట్లు తేలింది, సుమారు 98,000 మంది మరణించారు.

అమెరికాలో 1990లో చట్టం చేసి, బీమాలేని పేద స్త్రీలకు ఈ పరీక్షలు ఉచితంగా చేయించే ఏర్పాటు చేశారు. ఆ పరీక్షలలో వ్యాధి బయటపడినవారి చికిత్సకు దారి చూపిన చట్టం 2000లో గాని రాలేదు. మన దగ్గర ఈ వరుస తిరగబడింది. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీతో పేదలకు క్యాన్సర్ చికిత్స ముందుగా వచ్చింది. ప్రభుత్వాలతో పాటు పథకం పేరు మారుతూ నేడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. ఆపరేషనుకు డబ్బు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. ఆపరేషనుతో నయమయ్యే దశలో ఆసుపత్రికి చేరే అలవాటే మనకు ఇంకా రాలేదు.

పల్లెలో పెద్ద యంత్రాలు లేవు, పరీక్ష ఎట్లా అని అడుగుతారు. మొదటి పరీక్ష చేతితో చేసేది. ముంబయి టాటా మెమోరియల్ వారు 1998లో అక్కడి బస్తీలలో సుమారు లక్షన్నర మంది స్త్రీలతో ఒక అధ్యయనం ఆరంభించారు. అందులో సగం మందికి, వైద్యులు కాని, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితో పరీక్ష చేశారు. ఇరవై ఏళ్ల ఫలితాలు 2021లో వెలువడ్డాయి. పరీక్ష పొందినవారిలో వ్యాధి మరింత తొలి దశలో బయటపడింది. యాభై దాటిన స్త్రీలలో ఈ వ్యాధి మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకు చిన్నవారిలో మరణాలు అట్లా తగ్గలేదన్నది కూడా దాచకుండా చెప్పాలి. అయినా, శిక్షణ పొందిన చేతులకు ఎంత విలువ ఉన్నదో ఆ అధ్యయనం చూపింది.

కనుక మొదటి మెట్టు మీ ఊరి ఆశ కార్యకర్త, ఏఎన్ఎమ్. గ్రామ ఆరోగ్య కేంద్రంలో చేతితో పరీక్షిస్తారు. అనుమానం ఉంటే పెద్ద ఆసుపత్రికి రాస్తారు. అక్కడ మామోగ్రామ్ లేదా స్కానింగ్, అవసరమైతే సూదితో ముక్క తీసి పరీక్ష. సూది గుచ్చితే వ్యాధి పాకుతుందన్నది అపోహ. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నాట్కో ట్రస్టు సహకారంతో నిర్మించిన క్యాన్సర్ విభాగం ఉన్నది. 2022లో జిల్లాలు విడిపోయి నగరం, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వచ్చాయి, తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. ‘మనది ఆ జిల్లా కాదు, చూడరేమో’ అని ఆగిపోయినవారిని నేనెరుగుదును. జిల్లా సరిహద్దు కార్యాలయాలకు గాని రోగికి లేదు.

తల్లులారా, నొప్పి లేని గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి పోవడం, దాని నుండి నెత్తురు రావడం, చంకలో గడ్డ: వీటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే చూపించుకోండి. గడ్డలలో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. ఆ మాట చూసి చెప్పవలసినది మాత్రం వైద్యులు.

పరదా మాట వస్తుంది. స్త్రీని స్త్రీయే పరీక్షించాలని కోరడం మన హక్కు, గ్రామ స్థాయిలో ఆ పని చేసేది సాధారణంగా స్త్రీలే. మదీనాలో రుఫైదా అల్ అస్లమియా (రజి) గుడారం వేసి క్షతగాత్రులకు వైద్యం చేశారు. కందకయుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను మస్జిద్ ఆవరణలోని ఆమె గుడారానికే చేర్చారు. మస్జిద్ నీడలో ఒక స్త్రీ వైద్యం చేసిన చరిత్ర మనది. మస్జిద్ మైకులో ఆరోగ్య పరీక్షల తేదీ ప్రకటించడానికి మనం జంకనవసరం లేదు.

ఇక మనం చేయవలసిన పనులు చెబుతాను. మొదటిది, ప్రతి మొహల్లాలో ఇద్దరు స్త్రీలు ముప్పై దాటినవారి జాబితా రాసి, తమ వద్దనే గోప్యంగా ఉంచుకోవాలి. రెండవది, జబ్బు రాకముందే ప్రతి ఇంట్లో ఆధార్, రేషన్ కార్డు పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన సంవత్సరం సరిచూసుకోవాలి. తేడా ఉంటే సచివాలయంలో దిద్దించుకోవాలి. భర్త వదిలిన స్త్రీల పేర్లు ఇంకా అతని కార్డులోనే ఉండిపోయినవి. వాటిని ముందుగా చూడాలి. ఈ పనికి మాత్రం నేను పనికివస్తాను, పిలవండి. మూడవది, నగరం నుండి రేపల్లె, తెనాలి మీదుగా గుంటూరు వెళ్లిరావడమంటే ఒక రోజు కూలి పోవడమే. జకాత్‌కు అర్హులలో మొదట పేర్కొన్నవారు పేదలు. అర్హురాలైన స్త్రీకి దారి ఖర్చులు అందులో నుండి ఇవ్వవచ్చునేమో మీ ఆలిములను అడిగి నిర్ణయించండి. నాల్గవది, ఆసుపత్రికి ఎవరినీ ఒంటరిగా పంపరాదు.

ప్రభుత్వాన్ని అడగవలసినవీ ఉన్నవి. 2006లో సచార్ కమిటీ ముస్లింలు ఎక్కువగా ఉన్న గ్రామాలలో వైద్య సదుపాయాల కొరతను ఎత్తిచూపింది. నెలకొక నిర్ణీత దినం, తెర ఉన్న గది, మహిళా వైద్యురాలు, మామోగ్రామ్ చేసే బండి: ఈ నాలుగూ కోరుతూ సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇద్దాము. రసీదు తీసుకుందాము. రసీదులేని అర్జీ అర్జీ కాదని గుమాస్తాగా చెబుతున్నాను.

మొన్నటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మా అక్క ఇంటి పక్కన, భర్త విడిచిపెట్టిన ఒక బిడ్డ ఉన్నది. ఏ కార్డులోనూ ఆమె పేరు లేదు. గడ్డ ఉన్నదని మా అక్క కోడలితో చెప్పింది. కోడలు మరునాడే చేయి పట్టుకొని తీసుకువెళ్లింది. కార్డు ఎవరూ అడగలేదు. పరీక్షలన్నీ అయిన తరువాత అది మామూలు గడ్డ అని తేలింది. తిరిగివచ్చిన ఆ బిడ్డ ఇంటికి పోకముందు మా అక్క కుట్టుమిషను ఉన్న గదిలోకి వచ్చి కాసేపు కూర్చొని వెళ్లిందట.

మా అక్కకు నేను తోడు పోలేకపోయాను. మీ అక్కకు మీరు తోడు వెళ్లండి. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని, శక్తిని ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుమ్.