దేశం మారితే జబ్బు మారుతుందా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమావేశంలో చదువుల గురించో, స్కాలర్‌షిప్పుల గురించో, పెళ్లి ఖర్చుల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి ఒక జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పదలిచాం. దాని పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. డాక్టర్లు పొట్టిగా ఎం.ఎస్. అంటారు. పేరే నోరు తిరగదు, మనకెందుకీ గోల అనుకోకండి. ఎందుకో మనవి చేస్తాం.

బాలానగర్ అంటేనే వలసల ఊరు. 1960లలో ఐ.డి.పి.ఎల్., హెచ్.ఎ.ఎల్. వంటి కార్ఖానాలు వచ్చినప్పుడు జిల్లాల నుంచి మన పెద్దలు ఫిట్టర్లుగా, టర్నర్లుగా ఇక్కడికి చేరారు. తర్వాత వారి కొడుకులు జిద్దా, రియాద్, దుబాయి దారి పట్టారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక మనవలు కంప్యూటరు చదువులతో లండన్, షికాగో, టొరంటో వెళ్లారు. ఇవాళ పరదేశంలో ఒక్కరైనా లేని ఇల్లు మనలో అరుదు.

అలాంటి ఒక ఇంటి సంగతి వినండి. ఇంగ్లండులో పుట్టి పెరిగిన మనవరాలు ఒక పెళ్లికని ఇక్కడికి వచ్చింది. ఉన్నట్టుండి ఒక కన్ను మసకబారింది, కాలు తిమ్మిరెక్కింది. ఇక్కడి నీళ్లు పడలేదని ఒకరన్నారు. నీరసం, టానిక్ తాగించండని మరొకరన్నారు. నజర్ తగిలిందని ఇంకొకరన్నారు. కొన్ని వారాలకు చూపు దానంతటదే బాగయింది. అందరూ మరిచిపోయారు. ఆర్నెల్ల తర్వాత అక్కడ ఆ పిల్ల నడక తడబడింది. ఎం.ఆర్.ఐ. తీస్తే ఎం.ఎస్. అని తేలింది. దాదీ మమ్మల్ని ఒకటే ప్రశ్న వేసింది: "మా ఖాన్‌దాన్‌లో ఏడు తరాలుగా లేని జబ్బు ఈ పిల్లకెట్లా వచ్చింది బేటా?"

ఆ ప్రశ్నకు జవాబే ఈ ప్రసంగం.

ముందు జబ్బు సంగతి. కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. అది అక్కడక్కడా ఊడిపోతే కరెంటు సరిగ్గా పారదు. మన నరాల మీద కూడా అటువంటి తొడుగు ఉంది. శత్రువును తరమాల్సిన మన ఒంటిలోని రక్షణ శక్తే పొరబడి ఆ తొడుగును కొరుకుతుంది. మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో ఎక్కడ దెబ్బ తగిలితే అక్కడి పని చెడుతుంది. సాధారణంగా ఇరవై, నలభై ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవారి కంటే ఆడవారిలో రెండు మూడింతలు ఎక్కువ. ఇది అంటువ్యాధి కాదు. 2020 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 28 లక్షల మందికి ఉంది.

విచిత్రమేమిటంటే ఈ జబ్బు అన్ని దేశాల్లో ఒకేలా లేదు. ఇంగ్లండులో లక్షమందిలో సుమారు 190 మందికి ఉంది. మన దక్షిణాదిలో మంగళూరు నగరంలో లెక్క తీస్తే లక్షకు ఎనిమిది పైచిలుకు మాత్రమే తేలింది. మన దగ్గర కనిపెట్టకుండా పోయినవి కొన్ని ఉండవచ్చు. ఎం.ఆర్.ఐ. యంత్రాలు వచ్చాక లెక్క పెరిగింది కూడా. అయినా తేడా పెద్దదే.

మరి ఒక దేశం మనిషి ఇంకో దేశం పోతే ఏ లెక్క వర్తిస్తుంది? జెఫ్రీ డీన్ అనే డాక్టరు దక్షిణాఫ్రికాలో ఈ ప్రశ్న పట్టుకున్నాడు. ఐరోపా నుంచి వచ్చిన తెల్లవారిలో ఈ జబ్బు ఎక్కువ, అక్కడే పుట్టిన తెల్లవారిలో తక్కువ. 1971లో ఆయన, జాన్ కర్ట్‌జ్కే కలిసి వలస వచ్చిన వయసులు చూశారు. సుమారు పదిహేనేళ్ల లోపు వచ్చినవారికి దక్షిణాఫ్రికా లెక్క, ఆ తర్వాత వచ్చినవారికి పుట్టిన దేశపు లెక్క వర్తించినట్టు కనిపించింది. పదిహేను గీత గీసినట్టు ఉండదనీ, పెద్దయ్యాక కూడా మార్పు రావచ్చనీ ఆస్ట్రేలియాలో తర్వాత జరిగిన పరిశోధన చూపింది.

ఇక మనవారి సంగతికి వద్దాం. 1976లో డీన్ బృందం లండన్ ఆస్పత్రుల రికార్డులు తిరగేసింది. భారత్, పాకిస్తాన్‌ల నుంచి వెళ్లినవారిలో ఎం.ఎస్. చాలా తక్కువ. మనవాళ్లకు ఇది రాదులే అనుకోవచ్చు గదా? 1990లో మార్తా ఎలియన్, డీన్ తదితరులు అక్కడే పుట్టిన వారి పిల్లల్ని చూశారు. ఆ పిల్లల్లో జబ్బు దాదాపు ఇంగ్లండు వారితో సమానంగా ఉంది! తండ్రికి లేని అపాయం బిడ్డకు వచ్చింది. రక్తం అదే, పెరిగిన నేల వేరు. కెనడాలోని ఒంటారియోలోనూ, వలస వచ్చినవారు జీవితంలో ఎంత ఎక్కువ భాగం అక్కడ గడిపితే అపాయం అంత పెరిగినట్టు తేలింది.

దాదీ ప్రశ్నకు జవాబు ఇదే. జబ్బు ఖాన్‌దాన్ నుంచి మూటగట్టుకుని పోలేదు. పిల్ల పెరిగిన చోటుకు అందులో పెద్ద పాలుంది.

అయితే వంశానికి పాత్రే లేదని కాదు. వెయ్యేళ్లకు పైగా మన దేశంలో ఉండి తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న పార్సీలలో ఈ జబ్బు ఇతర భారతీయుల కంటే ఎక్కువని బొంబాయిలో డాక్టర్ వాడియా 1990లో చూపారు. అంటే విత్తనమూ ఉండాలి, నేలా కుదరాలి.

ఆ నేలలో ఏముంది? 2022లో హార్వర్డ్ పరిశోధకులు కోటిమందికి పైగా అమెరికా సైనికుల రికార్డులు పరిశీలించారు. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ సోకాక ఎం.ఎస్. అపాయం 32 రెట్లు పెరిగిందని కనుగొన్నారు. ఈ వైరస్ లోకంలో దాదాపు అందరికీ సోకుతుంది, జబ్బు వచ్చేది ఏ కొద్దిమందికో. మన ఇళ్లల్లో పసితనంలోనే సోకి చప్పుడు లేకుండా పోతుంది. సంపన్న దేశాల్లో చాలామందికి యుక్తవయసులో సోకి జ్వరం, గొంతు వాపు తెస్తుంది. అలా ఆలస్యంగా వచ్చినవారికి అపాయం ఎక్కువ. దీనికి తోడు ఎండ తక్కువై విటమిన్-డి తగ్గడం, పొగ తాగడం, చిన్నప్పుడే ఒళ్లు రావడం కూడా అపాయాన్ని పెంచుతాయి.

ఇది విని పిల్లల్ని పరదేశం పంపడం మానేయమని మేం అనడం లేదు. అక్కడ కూడా వెయ్యిమందిలో ఇద్దరికే. కానీ నాలుగు మాటలు మనసులో పెట్టుకోండి.

ఒకటి. వయసు పిల్లలకు ఒక కన్ను నొప్పితో మసకబారినా, కాలో చెయ్యో రోజుల తరబడి తిమ్మిరెక్కినా, నడక తూలినా టానిక్కులతో సరిపెట్టకండి. తగ్గిపోయినా సరే నరాల డాక్టరుకు చూపించండి. నిమ్స్ మనకు దూరమేం కాదు. "మన ఖాన్‌దాన్‌లో లేదు" అన్నమాట డాక్టరు చెప్పాలి, మనం కాదు.

రెండు. జబ్బును పూర్తిగా పోగొట్టే మందు లేదు. కానీ మళ్లీ మళ్లీ దాడి చేయకుండా అదుపులో ఉంచే మందులున్నాయి. తొందరగా మొదలుపెడితే మేలు ఎక్కువ. ఆలస్యంలో పోయిన శక్తి తిరిగి రాకపోవచ్చు.

మూడు. పిల్లను దాచిపెట్టకండి, కోడలిని నిందించకండి. ఎం.ఎస్. ఉన్న ఆడపిల్లలు చదువుతున్నారు, ఉద్యోగం చేస్తున్నారు, డాక్టరు సలహాతో బిడ్డల్ని కంటున్నారు. పెళ్లి మాటల్లో నిజం దాస్తే తర్వాత రెండిళ్లూ నలుగుతాయి.

నాలుగు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు పేరు ఉంది. అర్హులు సర్టిఫికెట్ తీసుకోవచ్చు. 1985లో పుట్టిన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదులోనూ శాఖ ఉంది. కాగితాలకు తోడు కావాలంటే మన సంఘం కార్యకర్తలు వస్తారు. మొహమాటపడకండి.

ఆ పిల్ల ఇప్పుడు మందులు వాడుతోంది, ఉద్యోగానికి పోతోంది. వారం వారం ఫోనులో దాదీతో మాట్లాడుతుంది. "మొదటిరోజే డాక్టరు దగ్గరికి తీసుకుపోయి ఉంటే" అని దాదీ ఇంకా బాధపడుతూనే ఉంది. ఆ బాధ మనలో మరో ఇంటికి రాకూడదనే ఇంతసేపు మీ ఓపికను పరీక్షించాం.

సెలవు. ఖుదా హాఫిజ్.