మించుటా? రాణించుటా?

'ఎక్సెల్' అను ఆంగ్లక్రియ మన చెవులకు క్రొత్తది కాదు. 1985లో మైక్రోసాఫ్టు సంస్థ తన లెక్కల పట్టికల సాధనమునకు ఆ పేరు పెట్టిన పిదప, కార్యాలయములలో దానిని ఒక వస్తువు పేరుగా ఎరిగినవారే హెచ్చు. మేము నేడు ముచ్చటింపబూనినది అంతకు ఎంతో పాతదైన క్రియను గూర్చి.

దీని పుట్టుక లాటిను భాషలో. 'ఎక్స్' అనగా వెలికి. రెండవ భాగమునకు ఎత్తుగా లేచుట యని భావము. తోటలోని చెట్లన్నిటి నడుమ తాటిచెట్టు తల పైకి కానవచ్చునే, అటువంటిది.

నిఘంటువు తెరచిన విద్యార్థి దీనికి 'మించు' అని అర్థము వ్రాసికొనును. తప్పనలేము, కాని చాలదు. తెలుగున మించుటకు ఎదుట మరియొకరుండవలెను. అన్నను మించెను, గురువును మించెను అందుము. 'తలదన్ను' అను మాటలోనైతే ఒక తన్ను కూడ దాగియున్నది! ఆంగ్లమునను ఒకప్పుడిట్టి వాడుక ఉండెను. షేక్స్పియరు 'టూ జెంటిల్మెన్ ఆఫ్ వెరోనా' నాటకమున సిల్వియాను గూర్చిన పాటలోను, 1611 నాటి బైబిలు అనువాదమున సామెతల గ్రంథములోను ఈ క్రియకు కర్మ కనబడును. ఆ పాట జర్మను అనువాదమునకు 1826లో షూబర్టు కూర్చిన స్వరము పాశ్చాత్య సంగీతప్రియులకు పరిచితమే.

నేటి వాడుకలో ఆ కర్మ చాలవరకు జారిపోయినది. 'షి ఎక్సెల్స్ ఇన్ మ్యూజిక్' అందురు. ఎవరికంటె అని చెప్పరు. ఇచ్చట మన 'రాణించు' చక్కగా అమరును. ఇతరులను పేర్కొనవలసినచో 'సర్‌పాస్', 'ఔట్‌డూ' వంటి క్రియలు వేరుగా ఉన్నవి.

ఈ భేదము తెలియనిచోట ఇండ్లలో చిక్కులు వచ్చును. బాలిక గణితమున 'ఎక్సెల్స్' అని ఉపాధ్యాయిని ప్రగతిపత్రమున వ్రాయును. తండ్రి దానిని 'తరగతిలో అందరిని మించినది' అని చదువుకొనును. ఆనక ఆమె నాలుగవ స్థానమున ఉన్నదని తెలిసి మందలించును. ఉపాధ్యాయిని చెప్పినది ఆ పిల్ల లెక్కలలో రాణించుచున్నదనియే; స్థానము మాటయే ఎత్తలేదు. మందలింపు మాత్రము పిల్లకు దక్కినది. అర్జీలలో 'ఐ ఎక్సెల్ అదర్స్' అని వ్రాయు యువకులకును ఇదే చెప్పెదము. ఆ వాడుక పాతబడినది. పైగా తోటివారిని చిన్నపుచ్చినట్లుండును.

తన్ను తానే మించుట యను ప్రయోగము మాత్రము ఇంకను నిలిచియున్నది. వంటవాడు ఎన్నడు లేనంత రుచిగా వండిననాడు 'హి హాజ్ ఎక్సెల్డ్ హిమ్‌సెల్ఫ్' అందురు. పులుసు మాడ్చిననాడు ఎత్తిపొడుపుగా అనువారును కలరు. స్వరమునుబట్టి గ్రహింపవలెను.

స్వరమన్నాము గనుక ఉచ్చారణ మాట. క్రియలో ఊనిక రెండవ అక్షరముపై పడును. మొదటి అచ్చు తేలిపోయి 'ఇ'కి చేరువగా వినబడును. 'ఎక్సెలెంట్'లో ఊనిక మొదటికి మరలును. మనము రెండింటిని ఒకే బరువుతో పలుకుదుము. భూతకాలమున చివరి 'ఎల్' రెండు కావలెను. 'ట్రావెల్' విషయమున ఆంగ్లేయులు రెండు, అమెరికనులు ఒకటి వ్రాయుదురు. దీనికి మాత్రము ఇరువురును రెండే వ్రాయుదురు.