శరణార్థికి జీవనోపాధి – మన కర్తవ్యము
(దెందులూరు వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



నేఁటి సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, సంస్కృతోపాధ్యాయుఁడనై విశ్రాంతి గైకొన్న నేను విద్యనుగూర్చియే మాటలాడుదునని వారు తలఁచియుందురు. నేను వేఱొక విషయమును విన్నవింపఁ దలఁచితిని. కూటికై ఊరు విడిచినవారిని, కట్టుబట్టలతో ఊరు చేరినవారిని మరల ఒక వృత్తియందు నిలువఁబెట్టుట యెట్లు అనునది నా ప్రశ్నము.

శరణశబ్దమునకు ఇల్లనియు, రక్షకుఁడనియు అమరకోశకారుఁడు రెండర్థములు చెప్పియున్నాఁడు. ఇల్లు చూపినచో సగము శరణము. ఆ యింట పొయ్యి వెలుఁగుటకు వలయు పని చూపినచో శేషించిన సగము. ఈ రెండవ సగమునే మనము తఱచు మఱచుచున్నాము.

వలస మనకుఁ గ్రొత్త గాదు. విష్ణుకుండినుల చిక్కుళ్ల శాసనము లెందులూరునుండి వెలువడినది. అదియే మన దెందులూరని చరిత్రజ్ఞులు చెప్పుదురు. రాజధానులే కదలిపోఁగా జనులు కదలుట వింతయా? మన తీరపు రేవులనుండి వేలకొలఁది తెలుఁగువారు పొగయోడ లెక్కి రంగూనునకుఁ బోయిరి. కోరంగి రేవు పేరనే వారిని అచ్చట కోరంగీ లనిరి. రేవులో మూటలు మోసి, ధాన్యపు మిల్లులలో శ్రమించి, ఇంటికి సొమ్ము పంపిరి. 1930 మే నెలలో అచ్చటి రేవుకూలీల తగవు అల్లరిగా మాఱఁగా పెక్కుమంది తెలుఁగువారు ప్రాణములు గోల్పోయిరి. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. పిమ్మట లక్షలమంది భారతీయులు అడవులు, కొండలు నడచి స్వదేశము చేరిరి. దారిలోఁ గడతేఱినవారు వేలకొలఁది.

మరల 1962లో బర్మాయందు సైనికప్రభుత్వ మేర్పడి, అంగళ్లను వ్యాపారములను జాతీయము చేసినది. 1964 మొదలు లక్షలమంది తిరిగి వచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెము చెంత బర్మాక్యాంపు అను పేరు నేఁటికిని ఆ కథను జ్ఞప్తికిఁ దెచ్చుచున్నది. ఆ సంవత్సరముననే శాస్త్రి–సిరిమావో ఒడంబడికచే సింహళమునుండియుఁ బలువురు రావలసివచ్చెను. వీరికై 1969లో మద్రాసునందు రెప్కో బ్యాంకు అను సహకార సంస్థ స్థాపింపఁబడినది. కేంద్రప్రభుత్వముతోపాటు మన రాష్ట్రమును, పొరుగు దక్షిణరాష్ట్రములును అందు వాటాదారులు. తిరిగివచ్చినవానికిఁ దాకట్టు పెట్ట భూమి లేదు, హామీ నిలుచు బంధువు లేఁడు. అట్టివానికి అప్పిచ్చుటకే ఒక బ్యాంకు వలసినదన్న యూహ అందలి విశేషము.

దేశవిభజన కాలమునఁ గూడ ఇట్లే జరిగినది. నిర్వాసితుల వ్యాపారములకు ఋణము లిచ్చుటకు 1948లో పునరావాస ఆర్థికసంస్థను చట్టముచే నెలకొల్పిరి. కురుక్షేత్రపు శిబిరములో ఎస్. కె. డే గారు వృత్తిశిక్షణ మారంభించి, పిదప దానిని నీలోఖేరీకిఁ దరలించి, అచ్చట నిర్వాసితుల చేతులతోనే ఒక పట్టణమును లేపిరి. అన్నము పెట్టుటతో ఆగక, పని నేర్పి, పనిముట్టు నిచ్చి, చేసిన వస్తువునకు అంగడి చూపుట ఆ పద్ధతి.

ఇఁక నా తప్పును జెప్పుకొందును. 1990 ఆగష్టు 2వ తేదీన ఇరాకు సేన కువైటును ఆక్రమించెను. సుమారు 1,70,000 మంది భారతీయులను విమానములలో స్వదేశమునకుఁ జేర్చిరి. అట్లు వచ్చినవారిలో మా బడి బాలు నొకని తండ్రి కలఁడు. మోటారు మరమ్మతులో నేర్పరి. ఒక్క సంచితో ఇల్లు చేరెను. ఊరివారు సభ చేసిరి. నేను శ్లోకములు చదివితిని. శాలువ కప్పి, బియ్యపు బస్తా ఇచ్చితిమి. సభ ముగిసిన పిదప అతఁడు నా చెంతకు వచ్చి, “మాస్టారూ! బియ్యం నెలకు వస్తాయి. పనిముట్లకు అప్పిస్తామంటున్నారు. హామీ సంతకం ఒక్కటి పెడతారా?” అనెను. ఆలోచించి చెప్పెద నంటిని. ఆ మాట నేఁటివఱకుఁ జెప్పలేదు. కొన్ని నెలలకు అతఁడు ఇల్లాలి పుస్తెలు కుదువఁబెట్టి, ఒక దళారిని నమ్మి, మరల సముద్రము దాఁటెను. బాలుఁడు తొమ్మిదవ తరగతితో బడి మానెను. నాఁడు నాకు లేనిది ధనము గాదు, ధైర్యము.

కావున ఈ సభకు మూఁడు విన్నపములు. మొదటిది: సంఘము శాలువల వ్యయము తగ్గించి, హామీనిధి నొకదానిని ఏర్పఱుపవలెను. ఒక్కని సంతకమునకు భయము గలుగును. నూఱుగురు కలిసి పెట్టిన సంతకమునకు భయ మెందులకు? తీర్చిన అప్పు మఱియొకనికిఁ బోవలెను; ఇది దానము గాదు, చేబదులు. రెండవది: తిరిగివచ్చినవాఁడు ఏ పని నేర్చివచ్చెనో వ్రాసియుంచు పుస్తకము, అర్జీలు వ్రాసి లెక్కలు నేర్పు విశ్రాంత ఉద్యోగులు ఇద్దఱు సంఘకార్యాలయమునఁ గావలెను. నేను వారిలో నొకఁడనగుదును. మూఁడవది: పోఁదలఁచినవానికిఁ బోకమునుపే బుద్ధి చెప్పవలెను. 1983లో చేయఁబడిన వలసల చట్టము ప్రకారము నమోదైన ఏజెంటో కాఁడో విచారింపక పాసుపోర్టు ఎవరిచేతఁ బెట్టరాదు.

ఇది కులసంఘము గదా, పరుల గొడవ మనకేల యని కొందఱనవచ్చును. 2006లో కొల్లేటి చేపలచెఱువుల గట్లు తెగఁగొట్టినప్పుడు ఉపాధి పోయినది ఒక్క కులమువారికేనా? నేఁడు ఒడిశానుండి, బీహారునుండి మన సీమకు కూలికి వచ్చువాఁడు, నాఁడు రంగూను రేవున మూట మోసిన మన తాత వంటివాఁడే. పూర్వము మన పెద్దలు పట్టణములలో విద్యార్థి వసతిగృహములు గట్టించిరి. పల్లెనుండి వచ్చిన బీదబాలునకుఁ దోడుగా నుండుటకే గదా! ఆ ధర్మమునే ఇంకొక మెట్టు పైకిఁ గొనిపోవుదము. మన పుస్తకమున మొదటి పేరు మనవానిది యైనను, రెండవ పేరు పొరుగువానిది కావలెను.

ఈ సాయంకాలము తీర్మానము చేయుఁడు. హామీపత్రము సిద్ధమైన పక్షమున మొదటి సంతకము నాది. ముప్పది యేండ్లకుఁ బైగా ఆలస్యమైనది; ఇంకను ఆలసింపనొల్లను.